శనివారమే తవ్విన గుంట

శనివారం పొద్దు దిగేలోపు మా తాత ఇంట్లో అయిపోవలసిన పనులు ఇవి. కట్టెలు చీల్చి పొయ్యి పక్కన పేర్చాలి. నీళ్ళు తోడి పీపా నింపాలి. పందిమాంసం వేసి చిక్కుడు గింజలు ఉడికించాలి. కాఫీ గింజలు పొడి చేసి పెట్టాలి, ఆదివారం మర తిరిగే చప్పుడు కూడా వినపడకూడదు. అందరి బూట్లకూ కొవ్వు రాయాలి. మగవాళ్ళు గడ్డాలు గీసుకోవాలి.

ఒక ఆగస్టు శనివారం తాత వీటికి ఇంకో పని చేర్చాడు. తన గుంట తవ్వమన్నాడు.

తాత పేరు అసహెల్ ప్రూయిట్. ఒహాయో నుంచి ఎడ్లబండి మీద నెబ్రాస్కాకు వచ్చి, చెట్లు పెద్దగా లేని ఆ గడ్డి మైదానంలో మట్టిపెళ్ళలు కోసి ఇల్లు కట్టాడు. గుడి లేవక ముందు ఆ ఇంట్లోనే ఆరాధన, వాక్యం చదివేది ఆయనే. మిడతలు పంటంతా తినేసిన ఏడు కూడా బల్ల ముందు నిలబడి, "బావి మిగిల్చావు ప్రభువా, నీకు స్తోత్రం" అన్నాడట. శనివారం పొద్దు దిగినప్పటి నుంచి సోమవారం తెల్లవారేదాకా మాత్రం ఆ ఇంట్లో ఎవరూ పనిముట్టు ముట్టకూడదు. కోసి ఉన్న గోధుమ మీదికి ఒక ఆదివారం వడగళ్ళ మబ్బు వస్తుంటే ఆయన కుర్చీలోంచి లేవలేదు.

"ఆ చలికాలమంతా మొక్కజొన్న గంజే తాగాం," అనేది మా నాయనమ్మ తిర్జా. "ఆయన ఆ గంజికీ అంత పొడుగు ప్రార్థనే చేసేవాడు. చల్లారిపోయేది."

ఊపిరితిత్తులు చెడి మంచాన పడ్డాక, ఆ శనివారం మధ్యాహ్నం తాత మా నాన్నను పిలిచాడు.

"ఈనోసూ, నేను రేపు దాటను. ఈ ఎండలకు సోమవారం దాకా నన్ను ఉంచలేరు. నా కోసం ఆదివారం పూట ఎవరూ పార పట్టకూడదు. ఇవాళే తవ్వెయ్."

"బతికున్న నాన్నకు గుంట తవ్వమంటావా? నా వల్ల కాదు."

"కట్టెలు చీలుస్తావు, నీళ్ళు తోడతావు. ఇదీ శనివారం పనే రా."

నాన్న బయటికి వెళ్ళి కొట్టం గోడకు ఆనుకుని నిలబడిపోయాడు. అప్పుడు వచ్చాడు ప్రోకోప్. తూర్పు కంచె అవతలి మనిషి, యూరప్‌లోని బొహీమియా నుంచి వచ్చినవాడు. గుడి గడప తొక్కడు, ఆదివారం నాగలి కడతాడు. కంచెకు ఇటూ అటూ నిలబడి తాతా అతనూ పోట్లాడుకోని వారం లేదు. చేతిలో గసగసాల రొట్టెతో నేరుగా తాత మంచం దగ్గరికి వెళ్ళాడు.

"ఏం ముసలాయనా, ఇంకా ఇక్కడే ఉన్నావా? పైన నీకు కుర్చీ దులిపి పెట్టుంటారు కదా."

"నీకు దులిపేవాళ్ళెవరూ లేరే అనే రా నా బెంగ."

"నేను కింద కూర్చుంటాలే. నీ కొడుకేంటి, అలా మొహం వేలాడేసుకున్నాడు?"

తాత చెప్పాడు. ప్రోకోప్ గోడకున్న పార తీసుకుని మిట్ట మీదికి వెళ్ళాడు. ఎండకు రాయిలా బిగిసిన నేల. తాత మంచంలోంచి ఆ చప్పుడు వింటూ పడుకున్నాడు. పొద్దు దిగక ముందే చప్పుడు ఆగింది. "అయింది," అని కళ్ళు మూసుకున్నాడు. ఆదివారం తెల్లవారుతుండగా పోయాడు.

చుట్టుపక్కల వాళ్ళంతా వచ్చారు. బండి పలకలతో చేసిన పెట్టె ముందే సిద్ధంగా ఉంది. కీర్తన పాడారు, వాక్యం చదివారు, పెట్టె దించారు. దించి, అలాగే నిలబడిపోయారు. గుంట తవ్వించిన తాతకు గానీ మిగతావాళ్ళకు గానీ దాన్ని మళ్ళీ పూడ్చాలన్న సంగతి తట్టనే లేదు. పార మట్టికుప్పలో గుచ్చి ఉంది. ఎవరూ దాని వైపు చూడటం లేదు.

"పైన గుడ్డ కప్పి, రేపు పొద్దున్నే పూడ్చుదాం," అన్నాడు వాక్యం చదివిన పెద్దాయన.

"రాత్రికి తోడేళ్ళు ఊరుకుంటాయా?" అంది ఆయన భార్య.

ప్రోకోప్ ముందుకొచ్చాడు. "నేనెలాగూ పాపినే, ఆయనే చెప్పాడు. జరగండి."

నాయనమ్మ అడ్డం నిలబడింది. "వద్దు ప్రోకోప్. ఆయన అడిగింది ఇదొక్కటే. తన వల్ల నీ మీద ఇంకో పాపం పడితే ఆయన ఓర్చుకోలేడు."

ప్రోకోప్ టోపీ తీశాడు. "తిర్జమ్మా, చెప్పనని ఆయనకు మాటిచ్చాను. మేం వచ్చిన మొదటి ఎండాకాలం మా పాప లుద్మిల జ్వరంతో పోయింది. నేనూ నా భార్యా అదే జ్వరంతో లేవలేకుండా ఉన్నాం. అది ఆదివారం. నీ మొగుడొచ్చాడు. ఒక్కడే తవ్వాడు, ఒక్కడే పూడ్చాడు."



"ప్రార్థనకు ఒంటరిగా వెళ్తున్నానన్నాడు ఆ రోజు," అంది నాయనమ్మ. "ముందురోజు కొవ్వు రాసిన బూట్లు, మట్టికొట్టుకుని వచ్చాయి. ఇదేంటని అడిగితే, ఆదివారం అడక్కు అన్నాడు. సోమవారానికి నేను మర్చిపోయాను. నీతో ఏమన్నాడు?"

"చేసింది తప్పో ఒప్పో ప్రభువునే అడుగుతానన్నాడు. ఈ బరువు ఇంకొకళ్ళ మీద పెట్టలేను, ఎవరికీ చెప్పకు అన్నాడు."

నాయనమ్మ మట్టికుప్పలోంచి పార లాగింది. మొదటి పెళ్ళ తనే వేసింది.

"ఆయన అడిగితే నేను చెప్పుకుంటాను," అని పార ప్రోకోప్‌కు ఇచ్చింది. అతని తర్వాత మా నాన్న అందుకున్నాడు. ఆ తర్వాత అందరూ వంతులు వేసుకున్నారు, వాక్యం చదివిన పెద్దాయనతో సహా. తర్వాత ఇంట్లో శనివారం వండిన చిక్కుడు గింజలు చల్లగానే తిన్నారు. నాయనమ్మ వడ్డించబోతే ప్రోకోప్ చెయ్యి అడ్డం పెట్టి, "ఏంటమ్మా, ప్రార్థన లేదా?" అన్నాడట.

మా ఇంట్లో కాలేజీ చదివింది నేనే మొదటిదాన్ని కాబట్టి తాత గురించి రాయమని గుడివాళ్ళు నాకు అప్పగించారు. రాశాను. తాతకు గుడివాళ్ళు పెట్టించిన రాయి ఉంది, దాని మీద పేరుంది. లుద్మిలకు చెక్క సిలువ ఉండేది, ఒక ఏడు మైదానంలో గడ్డి అంటుకున్నప్పుడు అది కాలిపోయింది. తూర్పు కంచె దగ్గర ఎక్కడ పడుకోబెట్టారో ఇప్పుడు చెప్పగలిగేవాళ్ళు లేరు. తాతను గుర్తుపెట్టుకోమని అడగను. ఆ పిల్లను గుర్తుపెట్టుకోండి.