ఊపిరి ముడులు

తంగళ్ళపల్లిలో లసుమవ్వ పొద్దున్నే బావిగట్టున రాట్నం వేసుకుని మరమగ్గాలకు కండెలు చుట్టేది. బావిలో మంచుదేశపు తెల్ల తిమింగలం ఉండేది. అది పైకొచ్చి ఊపిరి వదిలినప్పుడల్లా ఆమె ఒక దారానికి ముడి వేసేది. చదువు రాని మనిషి, ఆమె పుస్తకం అదే. ఏడాదికో రంగు దారం. మొదటి ఎండాకాలం రోజుకు నలభై ముడులు పడేవి. చుట్టూ బోర్లు పడి, నీళ్ళు అడుగంటి కాగుతున్న ఈ ఎండాకాలం నూరు దాటాయి. పాపం, దానికి ఊపిరాడడం లేదన్న సంగతి లసుమవ్వకు తప్ప ఎవరికీ పట్టలేదు.

పోలీసులకు మాత్రం దారాలు పట్టాయి. అడవిలోని అన్నల కోసం, నక్సలైట్ల కోసం ఇళ్ళు సోదా చేస్తూ వాటిని చూసి, ఆమె మొగుడు ముత్యాన్ని ఠాణాకు తీసుకుపోయారు. మూడోనాడు పొద్దున ఎస్సై ఆ దారాలతో బావి దగ్గరికొచ్చాడు. కోస్తా మనిషి.

"బావిలో తిమింగలం ఉందని అందరికీ తెలుసమ్మా. దాని ఊపిరి ఎవరైనా లెక్కపెడతారా? ఇది రోడ్డు మీద మా జీపుల లెక్క."

"గీడ కూసోని మీరే లెక్కవెట్టుండ్రి సారు. ముడులు కలవకుంటే నన్ను గూడ తోల్కపోండ్రి."

పంతానికి కూర్చున్నాడు. మధ్యాహ్నం కానిస్టేబుల్ బుచ్చన్న నీళ్ళు తాగే వంకతో ఆమె దగ్గరికొచ్చి గుసగుసలాడాడు.

"అక్కా, నాలుగింటికి ముత్యాన్ని అడవికి తోల్కవోతరు. మల్ల రాడు. సారు లేందే జీపు కదలది. వకీలు అయిదింటి బస్సుకు కోర్టు కాయితం తెస్తుండు. గప్పటిదాంక సారు లేవకుంట సూడు."

లసుమవ్వ బావిలోకి చూసింది. నాలుగేళ్ళుగా ఆ జీవి కాస్త తెరిపిన పడితే బాగుండునని మొక్కుకున్న మనిషి, ఇప్పుడు ఇంకా తొందరగా పైకి రమ్మని లోలోపల బతిమాలింది. సిగ్గేసింది. అయినా బతిమాలింది.

తిమింగలం వచ్చింది. మళ్ళీ వచ్చింది. ఎస్సై లేవబోయిన ప్రతిసారీ తెల్లటి వీపు తేలి, చల్లటి ఆవిరి అతని ఖాకీ చొక్కా మీద పడేది. మళ్ళీ కూర్చునేవాడు. మొదట వేళ్ళమీద లెక్కపెట్టాడు. తర్వాత టోపీ తీసి పక్కన పెట్టి, ఆమె చేతిలోని దారం లాక్కుని తనే ముడులు వేశాడు.

నాలుగింటికి డ్రైవర్ పరుగెత్తుకొచ్చాడు. "సార్, జీపు తయారుగుంది. ఆ ముత్యాన్ని..."

"ఉండవయ్యా!" ఎస్సై నీళ్ళమీంచి చూపు తిప్పలేదు. "దీనికి గాలి చాలడం లేదు. ఇప్పుడు లెక్క తప్పితే ఎలా?"

అయిదు దాటాక కబురొచ్చింది. వకీలు వచ్చేసరికి ముత్యం లాకప్పులోనే, ప్రాణాలతో ఉన్నాడు.

లసుమవ్వ బావిలోకి వంగింది. "ఇగ సాలు తల్లీ. నిమ్మలంగ పీల్చుకో."

నీళ్ళు అన్నే ఉన్నాయి. అది మళ్ళీ పైకొచ్చింది.