అక్క తలలోని స్విచ్

బస్సు ఎంత కుదిపినా కడ్డీ పట్టుకోకుండా టికెట్లు కొట్టిన కండక్టరు అక్క. ఒకసారి విషజ్వరానికి పొడిచిన సూదిమందు ప్రాణం నిలబెట్టింది గానీ, ఒంటిని తూలకుండా నిలిపే శక్తిని రెండు చెవుల్లోనూ చంపేసింది. అప్పట్నుంచి తల కదిపితే చాలు, కళ్లముందున్నవన్నీ ఊగేవి; నాలుగడుగులు వేయాలన్నా చెల్లెలి భుజం కావలసి వచ్చింది.

చెల్లెలు సర్క్యూట్లు గీసే ఇంజనీరు. చెవి వెనక ఎముకలో అమర్చే పరికరానికి గోరంత చిప్పు తయారుచేయడం ఆమె పని. తల ఎటు తిరిగిందో ఆ చిప్పు కనిపెట్టి, నరానికి కరెంటుతో కబురందించాలి. వేడెక్కకూడదు, చిన్న బ్యాటరీతో ఏళ్లపాటు నడవాలి. నాలుగేళ్లు తిండీ నిద్రా మరిచి, కరెంటు వాడకాన్ని పిసరు పిసరుగా తగ్గించింది. మొదట అమర్చింది అక్కకే.

"నీ చేతి పనేగా, నాకేం భయం?" అంది అక్క. మూడో నెలకల్లా ఒక్కతే మెట్లు దిగింది.

పరికరం అమ్మనివ్వాలా వద్దా తేల్చే నిపుణులు వచ్చారు. వాళ్ల ముందు అక్క గీత మీద నడుస్తోంది. పరికరాన్ని ఆడించే ల్యాప్‌టాప్ దగ్గర కూర్చున్న చెల్లెలి చెవిలో కంపెనీ పెద్దసారు గుసగుసగా అన్నాడు.

"ఇప్పుడు ఆపెయ్."

"చెప్పకుండానా? పడిపోతుంది సార్."

"పడితేనేగా తేడా తెలిసేది. నువ్వు నొక్కుతావా, నీ కుర్చీలో ఇంకొకళ్లని కూర్చోబెట్టనా?"

చెల్లెలు నొక్కింది. అక్క పక్కకు ఒరిగి బల్ల అంచు మీద పడింది. ముందుపళ్లు రెండు రాలాయి. నిపుణులు తలలూపుతూ ఏదో రాసుకున్నారు.

"ఇటువైపు సరిగ్గా కనబడలేదు. ఇంకోసారి చూపించండి," అన్నాడు వెనక వరుసలో ఒకాయన.

చెల్లెలు పరికరాన్ని మళ్లీ పనిచేయించింది. అక్క నోరు అదుముకుంటూ లేచింది.

"బ్యాటరీ గానీ అయిపోయిందా ఏమిటే?"

"లేదక్కా, బాగానే ఉంది. ఇంకోసారి నడువు."

ఆ మాట నమ్మి అక్క నడిచింది. చెల్లెలు మళ్లీ నొక్కింది. ఈసారి మణికట్టు విరిగింది.

అనుమతి వచ్చింది. చెల్లెలికి పెద్ద హోదా వచ్చింది. ఆసుపత్రికి పూలగుత్తి పట్టుకొచ్చిన పెద్దసారు, పొగుడుతున్నాననుకుని నిజం కక్కేశాడు.

"మీ చెల్లెలిది గట్టి గుండెమ్మా. రెండుసార్లూ చెయ్యి వణక్కుండా నొక్కింది."

ఆయన వెళ్లేదాకా అక్క నవ్వుమొహంతోనే ఉంది. తర్వాత చెల్లెలి వైపు తిరిగింది.

"దీన్ని ఆపెయ్. మళ్లీ పనిచేయకుండా."

"క్షమించక్కా. ఆపితే మళ్లీ నడవలేవు."

"పడితే నా అంతట నేనే పడతా. ఆపు."

చెల్లెలు ల్యాప్‌టాప్ తెరిచి ఆపింది. మంచం కమ్మీ పట్టుకుని ఏడ్చింది. అక్క దిండు మీద తల తిప్పి చెల్లెల్ని చూసి, గబుక్కున కళ్లు మూసుకుంది.

"ఏడుపు బయటికెళ్లి ఏడువు," అంది. "నీ మొహం ఊగుతోంది. చూస్తుంటే వాంతి వస్తోంది."