కట్టు విప్పిన చెప్పులు

ఇంటి ముందుగదే దుకాణం. పెద్దాయన పొద్దున్నే తలుపు తీసి, నేల ఊడ్చి, గోడకున్న మేకులన్నీ ఒకసారి చూసుకునేవాడు. బాగుచేసిన ప్రతి జతా పురికొసతో ఒక మేకుకు కట్టి ఉండాలి. కుట్టిన చెప్పులు ఊరుకోవు కదా. వేసుకునే మనిషి మనసుమీద ఏ నడక బరువుగా ఉందో ఆ దారిన వాటంతటవే ఒకసారి నడిచి వస్తాయి. మనిషి వచ్చి కాళ్ళకు తొడుక్కుంటే కుదురుకుంటాయి. వీధిలో ఎప్పుడైనా ఖాళీ జత ఎదురైతే జనం పక్కకు తప్పుకుని మొహం తిప్పుకునేవారు. ఒకరి చెప్పుల వెంట పడటమూ ఒకరి ఉత్తరం విప్పి చదవటమూ ఒకటే. నలభై ఏళ్ళలో పెద్దాయన ఎవరి కట్టూ విప్పలేదు.

చివరి మేకుకు భార్య చెప్పులు వేలాడేవి, తెగిన పట్టీతోనే. పదేళ్ళుగా వాటికి సూది తగలలేదు. చెప్పులు కుట్టేవాడి ఇంట్లో తెగిన చెప్పులేమిటని ఎవరైనా నవ్వితే తనూ నవ్వేసేవాడు.

పోలింగుకు నాలుగు రోజులుందనగా కౌన్సిలరు వచ్చాడు. మళ్ళీ ఎన్నికల్లో నిలబడ్డాడు.

"అన్నా, వరదనాటి చెప్పులివి. ఇవి వేసుకుని తిరిగితేనే నాకు కలిసొస్తుంది. అడుగు అట్టలు మార్చు. నువ్వయితే కట్టేసి ఉంచుతావని నీ దగ్గరికే తెచ్చా."

"నువ్వు చెప్పాలా తమ్ముడూ" అన్నాడు పెద్దాయన.

పదేళ్ళ కిందటి ఆ వరదనాడు పెద్దాయన భార్యకు ఆయాసం ఎక్కువైంది. పడవ పంపమని కౌన్సిలరుకు ఫోను చేశారు. పడవ రాలేదు, ఆమె దక్కలేదు. నీళ్ళు తీశాక కౌన్సిలరు వచ్చి పెద్దాయన చేతులు పట్టుకుని ఏడ్చాడు. పడవ దొరక్కపోతే గుండెలదాకా నీళ్ళలో పక్కింటి గేటు దాకా నడిచి వచ్చానని, ప్రవాహం వెనక్కి తోసేసిందని చెప్పాడు. ఆ మాటే పెద్దాయనకు పదేళ్ళ ఓదార్పు. ప్రతి ఎన్నికకూ వీధంతా చెప్పేవాడు, మా ఇంటి కోసం ప్రాణాలకు తెగించిన మనిషని. పెళ్ళాం పోయినవాడే చెబుతుంటే కాదనేదెవరు? వీధి వీధంతా కౌన్సిలరుకే వేసేది.

కూతురు ఒక్కతే వేయలేదు. ఆమె బడిలో టీచరు.

"గేటు దాకా వచ్చాడంటావు. నువ్వు చూశావా నాన్నా?"

"ఆయన చెప్పాడుగా."

"చెప్పటం ఆయన పని. ఎలాంటి మనిషో చూసుకోవటం మన పని కాదా?"

పెద్దాయన సూదిలో దారం ఎక్కించుకున్నాడు. మర్నాడు మధ్యాహ్నం అట్టలు మార్చి, జతను మేకుకు కట్టి, దాని ఎదురుగా చాలాసేపు కూర్చున్నాడు. చేయబోయేది తప్పని తెలుసు. అయినా ముడి విప్పాడు.

చెప్పులు గడప దిగి, బజారు దాటి, కౌన్సిలరు ఇంటి దాకా వెళ్ళి, అక్కడినుంచి మళ్ళీ ఈ వీధివైపు తిరిగాయి. పెద్దాయన తల వంచుకుని వెనకే నడిచాడు. వరద ఎంతెత్తు వచ్చిందో తెలిసేలా అప్పట్లో గోడలమీద నీలం గీత గీశారు. పక్కింటి గేటు దగ్గర అది గుండెల ఎత్తున ఉంటుంది. చెప్పులు అంతదూరం రాలేదు. వీధి మొదట్లో, గ్రంథాలయం మెట్ల దగ్గర ఆగిపోయాయి. ఒక అడుగు ముందుకేశాయి, వెనక్కి తీశాయి. మళ్ళీ అలాగే చేశాయి. తర్వాత వచ్చిన దారినే వెళ్ళిపోయాయి.

పెద్దాయన వంగి అక్కడి గీతమీద చెయ్యి పెట్టాడు. అది చీలమండ ఎత్తున ఉంది.

మెట్లమీద కూలబడ్డాడు. ఏడవాలో తిట్టాలో తెలియలేదు. కోపం కాస్త దిగాక, భయం ఎవరికుండదనుకున్నాడు. పదేళ్ళయినా ఇదే నడక బరువుగా ఉందంటే మనిషిలో ఎక్కడో తడి ఉంది. నిజం ఒప్పుకుంటే చాలు, ఓటు ఆయనకే.

మర్నాడు పొద్దున కౌన్సిలరు వచ్చేసరికి, నడిచి తిరిగొచ్చిన చెప్పులు మళ్ళీ మేకుకు కట్టి ఉన్నాయి.

"తమ్ముడూ, ఆ రోజు నువ్వు ఎంతదాకా రాగలిగావు?"

కౌన్సిలరు కళ్ళు ముడిమీదికి వెళ్ళాయి. ముడి బిగువుగా ఉంది.

"పక్కింటి గేటు దాకా అన్నా. వదినను తలుచుకోని రోజు లేదు."

పెద్దాయన పురికొస విప్పి చెప్పులు ఆయన ముందు పెట్టాడు. "చీలమండ దాకానని చెప్పినా నీకే వేసేవాణ్ణి."

కౌన్సిలరు మొహంలో నెత్తురు చుక్క లేదు. చెప్పులు తొడుక్కుని వెళ్ళిపోయాడు.

పోలింగు రోజు వరుసలో ముందున్నావిడ వెనక్కి తిరిగి, "పెద్దాయనా, ఈసారీ ఆయనకేగా?" అంది.

"నేను చూసింది ఎవరికీ చెప్పనమ్మా, నా పనికి అది తప్పు. కానీ ఇన్నాళ్ళూ గేటు దాకా వచ్చాడని చెప్పానే, అది మాత్రం నేను చూసి చెప్పింది కాదు."

ఆ మాట వరుస పొడవునా పాకింది. కౌన్సిలరు ఓడిపోయాడు. తర్వాతెప్పుడూ చెప్పులు కుట్టించుకోలేదు. తెగితే కొత్తవి కొనుక్కునేవాడు.

ఓటేసి వచ్చిన సాయంత్రమే పెద్దాయన చివరి మేకునుంచి భార్య చెప్పులు దించాడు. పట్టీ కుట్టి, కట్టకుండా నేలమీద పెట్టాడు. కూతురు మొహం తిప్పుకుంది. చెప్పులు నాలుగే అడుగులు వేసి, గడప దగ్గర వీధివైపు చూస్తూ నిలబడ్డాయి. చాలాసేపు కదల్లేదు.

పెద్దాయన వెళ్ళి పక్కన కూర్చున్నాడు.

"ఎవరూ రారే" అన్నాడు. "ఇంక లోపలికి రా."