ఎక్కడ తినాలో రాసిచ్చిన చెల్లెలు

అక్టోబరు మూడున పుట్టినూరు లైడెన్ వస్తున్నానని హెన్నీ రాస్తే, చెల్లెలు మరైకె దగ్గర్నించి వారం తిరక్కుండా జవాబొచ్చింది. అందులో రమ్మనీ లేదు, వద్దనీ లేదు. ఒక్క పూట ఊళ్ళో ఉండే మనిషి ఎక్కడ ఏం తినాలో మాత్రం ముత్యాల్లాంటి అక్షరాలతో రాసి ఉంది. పొద్దున, పూర్వం సరుకులు తూచిన తూకాల మందిరం దగ్గర ఉప్పు హెరింగ్ చేప, తెల్ల రొట్టె. పదకొండింటికి కాలువ పక్క కొట్లో కాఫీ, యాపిల్ కేకు. మధ్యాహ్నం తిరనాళ్ళలో నూనెలో వేగిన పిండి ఉండలు. నాలుగున్నరకి "మా ఇంట్లో కాఫీ". ఆరింటికి వంతెన మూల హోటల్లో హుట్స్‌పాట్, ఆలస్యమైతే కుర్చీ దొరకదు.

హుట్స్‌పాట్ అంటే గొప్ప వంటేం కాదు. బంగాళాదుంప, క్యారెట్, ఉల్లిపాయ కలిపి ఉడికించి మెదిపి, పక్కన గొడ్డు మాంసం ముక్క పెడతారు. పూర్వం ఒక ముట్టడిలో ఆకలితో మాడిన ఆ ఊరు, శత్రువు పారిపోయాక వాడి శిబిరంలో దొరికిన కుండలో కూర తిని బతికిందట. నాలుగు వందల యేళ్ళు దాటినా ఏటా అక్టోబరు మూడున తిరనాళ్ళు చేసి ఆ ఊరివాళ్ళు అదే తింటారు. ఇంట్లో, తమవాళ్ళతో తింటారు.

డెబ్బై ఒకటో యేట హెన్నీకి కావలసింది అదొక్కటే. అమ్మ పోయి రెండేళ్ళయింది. అంత్యక్రియల నాటి నుంచి అక్కచెల్లెళ్ళకి మాటల్లేవు. మొన్న వసంతంలో మొగుడు ఎవెర్ట్ కూడా పోయాడు. పుట్టిన ఇంట్లో, ఆ భోజనాల బల్ల దగ్గర, ఒక్కసారి కూర్చుని తింటే చాలనుకుంది.

జాబు చదివి మురిసిపోయింది. అందులోవన్నీ తనూ ఎవెర్టూ ఏటేటా తిరిగి తిన్న చోట్లే. దానికి అన్నీ గుర్తున్నాయి అనుకుంది. ఇక హోటలంటావా, అది మర్యాదకి రాసిన మాట. ఆ దేశంలో పిలవందే ఎవరూ ఎవరింట్లోనూ భోజనానికి కూర్చోరు, నిజమే. తలకొక ముక్క లెక్కన మాంసం తెచ్చుకునే జనం. కానీ తోడబుట్టినదానికి పిలుపేమిటి? ఇల్లంతా కూర వాసన వేస్తుంటే అక్కని హోటలుకి పొమ్మంటుందా?

పొద్దున రొట్టె కోసం వరసలో నిలబడితే ముందున్నావిడ పలకరించింది.

"ఒక్కరే వచ్చారా?"

"ఇప్పటికి ఒక్కదాన్నేనండీ. సాయంత్రం మా చెల్లెలింట్లో భోజనం."

"అదృష్టవంతులు. పిలిచిందా?"

"పిలిచేదేముందండీ, సొంత చెల్లెలు!"

ఆవిడ రొట్టె అందుకుని సంచీలో పెట్టుకుంది.

పిండి ఉండల దగ్గర హెన్నీ ఆగలేదు. కడుపులో చోటుంచుకోవాలని ఊరికే తిరిగి, నాలుగున్నరకి అమ్మ ఇంటి గంట కొట్టింది. ఇప్పుడది మరైకె ఇల్లు.

"రా అక్కా. చలేసిందా?" మరైకె కోటు తీసి తగిలించింది. కాఫీ వచ్చింది. బిస్కెట్ల డబ్బా వచ్చింది, మనిషికొకటి తీసుకున్నారు, మూత పడింది. లోపల కుండ కుతకుతలాడుతోంది. మరిది వౌటర్ వాన గురించి మాట్లాడాడు, వాళ్ళ కూతురు లీస్‌బెత్, అల్లుడు తిరనాళ్ళ గురించి మాట్లాడారు. హెన్నీ కళ్ళు మాత్రం బల్ల మీదే ఉన్నాయి. కంచాలు అయిదు. ఇంట్లోవాళ్ళు నలుగురు. అయిదోది ఎవరిదో వేరే చెప్పాలా?

అయిదున్నరకి పక్కింటి తోస్ వచ్చింది. అమ్మకి రోజూ స్నానం చేయించిన ముసలావిడ ఆమె. ఎవరూ చూపించక్కర్లేకుండా వెళ్ళి అయిదో కంచం ముందు కూర్చుంది.

ఆరుకి పావుగంట ఉండగా వౌటర్ రెండు మోకాళ్ళ మీద చేతులు చరిచి, "ఊఁ, సరే మరి" అన్నాడు. ఆ దేశంలో దానికర్థం, చుట్టాలు ఇక లేవచ్చని. తెలియనిది కాదు హెన్నీకి. అయినా కదల్లేదు. అడగందే అమ్మైనా పెట్టదంటారు కదా, సిగ్గు విడిచి అడిగేసింది.

"మరైకే, నేనూ ఇక్కడే తిననా?"

అల్లుడు తల దించుకున్నాడు. మరైకె మెల్లిగా కప్పు కింద పెట్టింది.

"అమ్మ కూడా ఇలాగే అడిగేది నిన్ను. 'ఇవాళైనా ఉండి తిని పోవే హెన్నీ' అని. ఏమనేదానివి?"

హెన్నీ ఖాళీ కప్పు ఇటూ అటూ జరిపింది.

"రైలుందనేదానివి. ఊరంతా మేసి, మూతి తుడుచుకుని నాలుగున్నరకి దిగేవాళ్ళు నువ్వూ బావా. కాఫీ తాగి లేచేవాళ్ళు. తొమ్మిదేళ్ళు! అమ్మకి మేం నోట్లో పెట్టాల్సి వచ్చాక ఒక్క పూట ఆ బల్ల దగ్గర కూర్చున్నావా?"

"ఎవెర్ట్ చూడలేకపోయేవాడే... ఆవిడ నోట్లోంచి కారుతుంటే..."

"ఆహా. నాకు కన్నులపండుగ్గా ఉండేదనుకున్నావా?"

"తప్పే. కాదనను. ఇప్పుడు నాకెవరున్నారు చెప్పు?"

"మరైకే," వౌటర్ గొణిగాడు, "ఒక కుర్చీ వేద్దాం. వదినగారికి నా ముక్కలో సగం..."

"ముక్కలకేం తక్కువ లేదు. కుర్చీకీ తక్కువ లేదు," అంది మరైకె. గొంతు పెంచలేదు. "పెట్టలేక కాదక్కా. పెట్టాలని లేదు. హోటల్లో ఇంకా చోటుంటుంది, పద."

కోటు తనే తెచ్చి తొడిగింది. అక్క వేళ్ళు పక్కకి జరిపి గుండీలు కూడా తనే పెట్టింది. చెంపల మీద మూడు ముద్దులు, ఎవరికైనా పెట్టేట్టే పెట్టి తలుపు వేసింది. తిట్టి గెంటినా బాగుండేదనిపించింది హెన్నీకి. తొమ్మిదేళ్ళు ఆ ఇంటికి చుట్టంలా వచ్చింది. చుట్టంలాగే సాగనంపారు.

అక్కడి ఇళ్ళన్నిటికీలాగే ఆ కిటికీకీ తెర లేదు. వీధిలోంచి బల్ల అంతా కనిపిస్తోంది. మరైకె తలెత్తి సూటిగా బయటికి చూసింది. హెన్నీ చెయ్యెత్తబోయింది. మరైకె గరిటె అందుకుని, తోస్ కంచంలో మొదట వడ్డించింది.

హెన్నీ అది కూడా చూసి, ఆకలితోనే స్టేషను వైపు నడిచింది.