మంచు మీద రెండు దెబ్బలు

ఆర్డిస్ చిల్లుల గరిటెతో కన్నంలోని మంచుపలుకులు తోడి పక్కన పోసింది. మళ్లీ తోడింది. చలి ముదిరేకొద్దీ కన్నం మూతపడాలని చూస్తుంది. కాళ్ల కింద సరస్సు మీద రెండడుగుల మందాన కట్టిన గడ్డ, దాని కింద ఇరవై అయిదు అడుగుల నల్లటి నీళ్లు. గడ్డ మీద చేపలు పట్టే గుడిసె అంటే నాలుగు ప్లైవుడ్ చెక్కలు, చిన్న గ్యాసు పొయ్యి, కొక్కేనికి లాంతరు. ఆ వెలుగు కన్నంలోంచి కిందికి దిగి ఆకుపచ్చగా కరిగిపోతోంది.

పొద్దున్నుంచీ ఆమె పనిలో నిలబడే ఉంది. వృద్ధాశ్రమంలో బట్టలుతికే గదిలో ముప్ఫై ఒక్క ఏళ్లుగా అదే పని. దుప్పట్లు ఉతకడం, ఆరబెట్టడం, మడతపెట్టడం. ఎవరైనా కొత్తగా చేరితే వాళ్ల బట్టలకు పేరు రాసిన గుడ్డముక్క కుట్టడం. ఎవరైనా పోతే ఆ పేర్లు విప్పి, బట్టలు వాళ్ల పిల్లల చేతికివ్వడం. ఇవాళ ఒక ముసలాయన చొక్కాలు ఏడింటికి పేర్లు విప్పింది. బ్లీచు నీళ్లకు వేళ్ల చివర గీతలు అరిగిపోయాయి. దానివల్ల ఒక లాభం ఉంది. సన్నటి గాలపు దారం ఆ వేళ్ల మీద వేసుకుంటే, నీళ్లలో ఎంత చిన్న కదలికైనా ఎముకకు తెలుస్తుంది.

నలభై గజాల అవతల తమ్ముడు మైలో గుడిసె. తల్లి పోయేనాటికి ఆమెకు పదహారు, వాడికి ఆరు. వాడి కాళ్లకు మేజోళ్లు తొడిగిన దగ్గర్నుంచీ అన్నీ ఆమే చూసింది. ఇప్పుడు వాడికి యాభై ఆరు. డెయిరీలో పాల డబ్బాలు మోస్తాడు. పెళ్లి చేసుకోలేదు. ఆమె అజమాయిషీ మానలేదు. ఈ సాయంత్రం వాడి గుడిసెలో అడుగు పెట్టగానే, గోడ అడుగున గాలి కోసం వదిలిన కన్నంలో గోనెపట్టా కుక్కి ఉండడం కనబడింది.

"అది తియ్యరా. లోపల పొయ్యి వెలుగుతోంది, గాలి విషమైపోతుంది."

"తీస్తే పిర్రలు గడ్డకడతాయక్కా. అప్పుడు మీ ఆశ్రమంలో చేర్చి పేరు కుట్టేస్తావు."

"నీ చొక్కాలకు గుండీలే లేవు, పేరొకటా?"

"ఈ మాట నలుగురిలో అనకు. పిల్లనిచ్చేవాళ్లు వెనక్కి పోతారు."

"యాభై ఆరేళ్ల పెళ్లికొడుకు. ముందు అది తియ్యి."

"తీస్తాలే తల్లీ, వెళ్లు. నువ్విక్కడ అరుస్తుంటే చేపలు కెనడా పోతాయి."

తనే వంగి పీకేయవలసింది. కోపమొచ్చి, తలుపు ధడాలున వేసి వచ్చేసింది.

క్రాపీ చేపలు పగలంతా లోతులో ఉండి, చీకటి పడ్డాక గుంపుగా ఒడ్డున రెల్లు వైపు సాగుతాయి. ఆ దారిలో ముందు మైలో గుడిసె, తర్వాత ఆమెది. గుంపు తనను దాటగానే వాడు గునపంతో గడ్డ మీద రెండు దెబ్బలు కొడతాడు, కాసుకో అని. పంతొమ్మిది శీతాకాలాలుగా అదే ఒప్పందం. ఆ చప్పుడు చెవికన్నా ముందు అరికాలికి తెలుస్తుంది.

ఏడున్నర దాటింది. వేళ్ల మీది దారం ఒక్కసారిగా బరువు కోల్పోయింది, చేప ఎరను కింద నుంచి పైకెత్తింది. దాని కాగితంలాంటి పెదవి చిరగకుండా నెమ్మదిగా లాగింది. అరచేయంత క్రాపీ, వెండి ఒంటి మీద నల్ల చుక్కలు. దారం మళ్లీ వేసీ వేయగానే ఇంకొకటి. గుంపు వచ్చేసింది.

దెబ్బలు వినబడలేదు.

అలిగాడు, అనుకుంది. మూడోది లాగింది. చలికి సరస్సు ఒడ్డు నుంచి ఒడ్డుదాకా మూలుగుతోంది. ఆ మోతలో కలిసిపోయాయేమో. నాలుగోది. గుంపు పది నిమిషాలకన్నా నిలవదు. రేపు చర్చిలో విందుకు చేపలు తెస్తానని ఒప్పుకుంది. వేళ్లు వాటి పని అవి చేస్తున్నాయి, అరికాళ్లు మాత్రం దెబ్బల కోసం కాచుకుని ఉన్నాయి.

అయిదోది దారం చివర తన్నుకుంటుండగా ఆమెకు పోయినేడు గుర్తొచ్చింది. ఆమె కారు మైలో గేటును గుద్దినప్పుడు వాడు నెల రోజులు మాట్లాడలేదు. ఆ నెలంతా దెబ్బలు మాత్రం కొట్టాడు.

దారం వదిలేసింది. చేప దాన్ని లాక్కుపోయింది.

తన గునపం తీసి రెండు దెబ్బలు కొట్టింది. ఆగింది. మళ్లీ కొట్టింది. సరస్సు మూలిగింది, అంతే.

పరుగెత్తితే జారుతుంది. అరికాళ్లు ఈడుస్తూ నడిచింది. వాడి కిటికీలో లాంతరు నిశ్చింతగా వెలుగుతోంది.

"మైలో," అంది సగం దారిలో. "ఒరేయ్, నాకు కోపం లేదురా."

తలుపు లాగితే వెచ్చటి గాలి మొహాన కొట్టింది. గోడ అడుగున గోనెపట్టా కుక్కింది కుక్కినట్టే ఉంది. వాడు బకెట్టు మీద కూర్చుని, గోడకు చేరబడి, గడ్డం రొమ్ముకు ఆనించి ఉన్నాడు. బుగ్గలు ఎర్రగా ఉన్నాయి, చిన్నప్పుడు మంచులో ఆడి ఇంటికొచ్చినప్పటిలా. పొయ్యి కట్టేసింది. చంకల కింద చేతులేసి బయటికి ఈడ్చింది. రొమ్ము మీద కొట్టింది, నోట్లో ఊపిరి ఊదింది. చాలాసేపటికి ఆపింది. ఆశ్రమంలో ఇలాంటి ముఖాలు ఆమె ఎన్నో చూసింది. కారు దగ్గరికి వెళ్లి, ఒడ్డున మనుషుల దీపాలు తన వైపు కదిలేదాకా హారను నొక్కి పట్టుకుంది.

అంబులెన్సు మనిషి వాడి ముఖం మీద దుప్పటి కప్పాడు.

"ఎంతసేపయింది?" అని అడిగిందామె.

"చెప్పలేమమ్మా."

"అయిదు చేపలు పట్టేంతసేపు ఉంటుందా?"

అతనికి అర్థం కాలేదు.

వాళ్లు మైలోను తీసుకుపోయాక ఆమె లాంతరు ఆర్పడానికి లోపలికి వెళ్లింది. తెరిచి ఉన్న తలుపులోంచి చలి వచ్చి గుడిసెంతా పరుచుకుంది. కన్నం మీద పొర కట్టేసింది. దాన్ని ఆమె పగలగొట్టలేదు. మైలోకు తన వేళ్ల మీద నమ్మకం లేదు, దారానికి ఎప్పుడూ, చేప తగిలితే ఒరిగే బెండు కట్టుకునేవాడు. ఆ ఎర్రటి బెండు పొరలో సగందాకా బిగుసుకుని, ఒక పక్కకు ఒరిగి ఉంది.