ఏడో పళ్లెం

మా స్వీడన్ పల్లెల్లో కాఫీకి పిలిస్తే బల్ల మీద ఏడు రకాల బిస్కెట్లు ఉండాలి. ఆరు పెడితే పిసినారులంటారు, ఎనిమిది పెడితే గొప్పలకు పోతున్నారంటారు. సెప్టెంబరులో ఊరి హాల్లో జరిగే కోతల పండుగ కాఫీకీ ఇదే లెక్క. ఏడు పళ్లేలు, ఏడుగురు ఆడవాళ్లు, ఎవరి రకం వాళ్లది. ఒకరి రకం జోలికి ఇంకొకరు పోరు. ఏడో పళ్లెం, అంటే వెన్నా ఓట్సూ కలిపి చేసే పల్చటి, కరకరలాడే బిస్కెట్ల పళ్లెం, హిల్లెవిది. ముప్పై ఏళ్లుగా ఆమెదే. ఆ సంగతి ఆమె నడకలోనే తెలిసిపోయేది.

అలాంటి హిల్లెవి, పండుగ ఇంకో వారం ఉందనగా, అడవిలో లింగన్ అనే ఎర్రటి పుల్లటి పళ్లు ఏరుతూ, నాచు పట్టిన బండ మీద కాలు జారి కుడి మణికట్టు విరగ్గొట్టుకుంది. ఆసుపత్రిలో పిండికట్టు వేసి చేతిని మెడకు వేలాడగట్టి పంపారు. ఆ నొప్పికి ఒక్క చుక్క కన్నీరు రాల్చని మనిషి, ఆడబిడ్డ గున్వోర్ పరామర్శకు వచ్చి వెళ్లాక మాత్రం వంటింట్లో కూర్చుని ఏడ్చింది.

గున్వోర్ ఆమె మొగుడు ఆల్గోట్‌కి అక్క. మనసు చెడ్డది కాదు గానీ నోరు ఊరికే ఉండదు. మధ్యలో గుంట చేసి జామ్ నింపే బిస్కెట్లు ఆమె రకం. వచ్చి కూర్చుని, రెండు కప్పుల కాఫీ తాగి, ఈ ఏడు ఓట్స్ బిస్కెట్లు తన కోడలు చేస్తుందనీ, హిల్లెవి నిశ్చింతగా విశ్రాంతి తీసుకోవచ్చనీ చెప్పి వెళ్లింది. ఆ కోడలు ఏడో పళ్లెం మీద ఎప్పట్నుంచి కన్నేసిందో ఊరందరికీ తెలుసు. పళ్లెం ఒకసారి చేతులు మారితే మళ్లీ వెనక్కి రాదనీ తెలుసు.

"నువ్వు చెయ్యి," అంది హిల్లెవి ముక్కు తుడుచుకుని.

గదిలో ఇంకెవరైనా ఉన్నారేమోనని ఆల్గోట్ వెనక్కి తిరిగి చూశాడు.

"నిన్నేనయ్యా. నేను చెప్తుంటాను, నువ్వు చెయ్యి. బయట మాత్రం నోరు విప్పకు. ఎడంచేత్తో నేనే చేశానంటాను."

ఆల్గోట్ పని చేసినన్నాళ్లూ దుంగల లారీ నడిపాడు. ఇంట్లో ఓవెన్ తలుపు తీసింది తడిసిన చేతి తొడుగులు ఆరబెట్టుకోవడానికే. వాడి చేతికిస్తే నీళ్లు కూడా మాడతాయని గున్వోర్ చిన్నప్పట్నుంచీ పదిమందిలో అంటూనే ఉంది. కానీ పెళ్లాం ఏడవడం ఆయన చూసి ఎన్నో ఏళ్లయింది. సరేనన్నాడు.

శనివారం పొద్దున హిల్లెవి ఓవెన్ పక్కన కుర్చీ వేసుకుని కూర్చుంది. వెన్న కరిగించమంది, అందులో ఓట్స్ పోసి కలపమంది, తర్వాత చక్కెర, గుడ్డు, చిటికెడు బేకింగ్ పౌడరు, ఒకే ఒక్క చెంచా మైదా. మైదా ఎక్కువైతే అది బిస్కెట్ కాదు, చెప్పు అట్ట అవుతుందని ముందే హెచ్చరించింది. ముద్దలు దూరం దూరంగా పెట్టమనీ, వేడికి అవి పాకుతాయనీ చెప్తూనే ఉంది. ఆల్గోట్ ట్రే వైపు చూశాడు. సందు కనిపిస్తే ఇంకో దుంగ ఎక్కించకుండా ఉండలేని ప్రాణం కదా, వరసల మధ్య మరో వరస పెట్టేశాడు. ఓవెన్లోంచి ట్రే అంత బిస్కెట్ ఒకటి బయటికొచ్చింది.

"బాగుంది," అంది హిల్లెవి. "రేపు రంపం కూడా పట్టుకెళ్దాం. కోసి పంచొచ్చు."

రెండో ట్రేలో దూరంగానే పెట్టాడు గానీ, ఆరకముందే ఎత్తబోయాడు. అవి చాకు మీద తడిగుడ్డల్లా మడత పడ్డాయి. ఓపిక పట్టలేవా, పెళ్లప్పుడూ ఇదే తొందర అని ఆమె కసిరింది. ఆల్గోట్ ఆ ముద్దలన్నీ తినేశాడు. రుచి బాగానే ఉంది. ఆ రుచే ఆయనలో పంతం రేపింది.

మూడో ట్రే లోపలికి వెళ్లింది. హిల్లెవి గోడ గడియారం చూస్తూ కూర్చుని, వేళ కాగానే తియ్యమంది. ఆల్గోట్ తియ్యలేదు. ఓవెన్ ముందు గొంతుక్కూర్చుని, తలుపు సందు దగ్గర ముక్కు పెట్టి ఉన్నాడు.

"ఇంకా కాలేదు," అన్నాడు.

ముప్పై ఏళ్లుగా చేస్తున్నదాన్ని నేనా నువ్వా అని ఆమె గొంతు పెంచింది. ఆయన కదల్లేదు. అంచులు ఎర్రబడ్డా నడుమ ఇంకా పాలిపోయే ఉంది, వాసనలో ఇంకా పచ్చి వెన్నే ఉంది. కాసేపటికి ఆ వాసన మారింది, ఎవరో వాల్‌నట్లు వేయిస్తున్నట్టు. అప్పుడు తీశాడు. బిస్కెట్లు ముదురు తేనె రంగులో ఉన్నాయి. మాడ్చి పెట్టావని హిల్లెవి మొహం తిప్పుకుంది.

ఈసారి ఆల్గోట్ పూర్తిగా ఆరనిచ్చాడు. చాకుతో ఒకదాన్ని లేపి కిటికీ వెలుతురుకి పట్టి చూస్తే, సన్న సన్న రంధ్రాల్లోంచి అవతల ఆపిల్ చెట్టు కనిపించింది. హిల్లెవి దాన్ని లాక్కుని కొరికింది. కరుక్కుమన్న చప్పుడు ఆయనకీ వినిపించింది. ఆమె నెమ్మదిగా నమిలి, మింగి, చాలాసేపు కిటికీలోంచి బయటికి చూసింది.

"ఇంకో ట్రే పెట్టు," అంది.

బాగున్నాయన్న మాట కోసం ఆల్గోట్ సాయంత్రం దాకా ఎదురుచూశాడు. బిస్కెట్లన్నీ డబ్బాలో పేర్చి మూత బిగించాడు, మళ్లీ రెండుసార్లు తీసి చూసుకున్నాడు. లారీ తోలినన్నాళ్లూ మోసినవన్నీ ఎవరో నరికిన చెట్లే. ఇవి మాత్రం తను చేసినవి. ఒక్కరికైనా తెలిస్తే బాగుండునని గట్టిగా అనిపించింది. కానీ మాట ఇచ్చాడు కాబట్టి ఆ కోరికను మింగేశాడు.

ఆదివారం హాలంతా జనం. పొడవాటి బల్లకు ఒకవైపు బెంచీ మీద బిస్కెట్లు చేసినవాళ్లు ఏడుగురూ కూర్చుంటారు, మగవాళ్లు కాఫీ పోస్తూ తిరుగుతారు. గున్వోర్ కోడలు ఎందుకైనా మంచిదని చంకలో ఒక డబ్బా పెట్టుకునే వచ్చింది. హిల్లెవి తన పళ్లెం తెచ్చి బల్ల మీద పెట్టి, ఎడంచేత్తోనే చేశానని అందరికీ చెప్పింది.

గున్వోర్ ఒకటి తీసుకుని కొరికింది. నమలడం ఆపి పళ్లెం వైపు చూసింది. మళ్లీ నమిలింది. ఇంకోటి తీసుకుంది.

"చెయ్యి విరిగాకే నీ చెయ్యి తిరిగినట్టుందే హిల్లెవీ," అంది. "ఇన్నేళ్లలో ఇంత బాగా ఎప్పుడూ రాలేదు."

ఆ తర్వాత అందరి చేతులూ ఆ పళ్లెం మీదే. వెనక కాఫీ కూజా పట్టుకుని నిలబడ్డ ఆల్గోట్‌కి గుండెలు ఉప్పొంగి చొక్కా బొత్తాలు బిగుసుకున్నాయి. పెదాలు మాత్రం బిగించే ఉంచాడు.

"ఓవెన్లో ఎంతసేపు ఉంచావు?" అడిగింది గున్వోర్.

పుట్టి బుద్ధెరిగాక గున్వోర్ వంట గురించి ఇంకొకరిని అడగడం అదే మొదలు. బెంచీ మీదివాళ్లంతా ఇటు తిరిగారు. హిల్లెవి నోరు తెరిచింది. గడియారం లెక్క నాలుక మీదే ఉంది, ఆ ఒక్క మాట అనేస్తే పేరంతా ఆమెదే. తల తిప్పి మొగుణ్ణి చూసింది. ఆయన ఎవరి కప్పులోనో కాఫీ పోస్తున్నాడు, కప్పు నిండి సాసర్లోకి కారుతున్నా చూసుకోవడం లేదు.

పళ్లెంలో ఒకే ఒక్క బిస్కెట్ మిగిలింది. చివరిదాన్ని ఎవరూ తీసుకోరు, అది మర్యాద కాదు. చేసినవాళ్లయితే తమ పళ్లెంలో అసలు చెయ్యే పెట్టరు, అది మరీ సిగ్గుచేటు. హిల్లెవి ఎడమ చెయ్యి చాచి ఆ చివరిదాన్ని తీసుకుని, అందరూ చూస్తుండగా కొరికింది.

బెంచీ మీది ఆడవాళ్లు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు.

"నేను చేసినవైతే ముట్టుకునేదాన్ని కాదు వదినా," అంది. "ఇవి మీ తమ్ముడు చేశాడు. నాకంటే బాగా చేశాడు. నిన్నట్నుంచీ ఆ మాట ఆయనతో అనలేక చస్తున్నాను."

"వీడా?" అంది గున్వోర్.

"ఆయనే. వచ్చే ఏడూ ఆయనే. నా చెయ్యి బాగైనా సరే, పళ్లెం ఆయనదే."

గున్వోర్ కోడలు డబ్బాను మెల్లగా బెంచీ కిందికి తోసింది. ఆల్గోట్ చెవుల దాకా ఎర్రబడ్డాడు. కళ్లు తుడుచుకుందామంటే చేతిలో కూజా ఉంది. గున్వోర్ తమ్ముణ్ణి ఎగాదిగా చూసింది. తర్వాత పక్కకు జరిగి, ఇంతవరకు ఏ మగాడూ కూర్చోని ఆ బెంచీ మీద చోటు చూపించింది.

"కూర్చోరా," అంది. కూజా అందుకుని తనే అతనికి కాఫీ పోసి, గొంతు తగ్గించి అడిగింది. "చెప్పు. ఎంతసేపు ఉంచావు?"

ఆల్గోట్ రెండు గుక్కలు తాగాడు. హిల్లెవి వైపు చూశాడు, ఆమె కూడా ఆ జవాబు కోసమే చూస్తోంది. వీపు నిటారుగా చేసుకుని కూర్చున్నాడు.

"అది మాత్రం చెప్పనక్కా," అన్నాడు.