గంటా పది నిమిషాల దారి

గురువులు నిచ్చెన బండిని భుజంతో నెట్టుకుంటూ వెళ్లి విమానం తలుపుకు ఆనించాడు. చక్రాలకు చెక్కలు అడ్డం పెట్టి, రెండు మెట్లెక్కి ఊపి చూసుకున్నాడు. పొట్టి మనిషి, యాభై ఆరేళ్లవాడు. ఇనుము రాపిడికి కుడిభుజం ఎద్దుమెడలా కాయ కాసింది. విశాఖపట్నం విమానాశ్రయంలో ఎంతమందిని ఎక్కించాడో లెక్కలేదు గానీ, ఆ తలుపు దాటి తాను ఏనాడూ లోపల అడుగు పెట్టలేదు.

ఎక్కాలన్న ఆశకంటే తెలుసుకోవాలన్న యావే అతనికి ఎక్కువ. ఒకసారి కౌంటరు గుమస్తా శ్రీరామ్మూర్తిని అడిగాడు.

"హైదరాబాదు రైలుకి ఏడొందల కిలోమీటర్లంట, ఇమానానికి అయిదొందలేనంట. ఊరు దగ్గరికి జరిగిపోతాదేటి బాబూ?"

ఆయన నవ్వి, గోడమీది పటానికి దారం పట్టి, రైలు విజయవాడ మీదుగా చుట్టు తిరిగేదీ, విమానం సూటిగా పోయేదీ చూపించాడు. "గాల్లో గంటా పది నిమిషాలు," అన్నాడు.

గురువులు నోరు తెరిచాడు. పాత గాజువాకలో తన ఇంటికి నడకా అంతే! ఆనాటినుంచి విమానం లేవగానే డ్యూటీ దిగి నడక మొదలుపెట్టేవాడు. అతని లెక్కలో, తాను షీలానగర్ చేరేసరికి విమానంలోవాళ్లు గోదావరి దాటాలి. అరుగెక్కుతూ, "దిగిపోనారే!" అని భార్య కాసులమ్మకు కబురు చెప్పేవాడు.

ఆ వేసవి ఉదయం రెండు కళ్లకూ కట్టు కట్టిన మనిషిని తోడు వెళ్తున్న మేస్త్రీ నడిపించుకొచ్చాడు. పేరు వీరన్న. వెల్డింగు పనిలో కళ్లు దెబ్బతిన్నాయి. హైదరాబాదులో మర్నాడే ఆపరేషను. మొదటి మెట్టు మీదే అతను బిగుసుకుపోయాడు.

"నానెక్కను. కింద నేల్లేని కాడ, సీకట్లో, ఎంతసేపో తెలీకుండా ఎలా కూకుంతాను?"

గురువులు అతని చెయ్యి పట్టుకున్నాడు. "మీదే ఊరు?"

"పాత గాజువాక."

"మరింకేటి? నాను ఇప్పుడే ఇంటికి నడుస్తాను. నువ్వూ మనసులో నాతో నడు. గెడ్డ వంతెన దాటుదుం. షీలానగర్ కాడ గోదారి. మన ఊరొచ్చీసరికి హైదరాబాదు."

వీరన్న కాసేపు ఆ దారిని తలుచుకున్నట్టున్నాడు. "ఎక్కడా ఆగిపోకేం మావా," అని కాలెత్తాడు.

వీరన్న తన చెయ్యి వదలకపోవడంతో గురువులూ తలుపు దాటాడు. లోపల చల్లగా ఉంది. అతన్ని కూర్చోబెట్టి, కిటికీలోంచి తన నిచ్చెన నీడను వింతగా చూసి దిగి వచ్చాడు.

పదకొండు గంటల ఎండ. వంతెన దాటాక ఎడమ చెయ్యి లాగింది. షీలానగర్ టీకొట్టు దగ్గర బల్ల ఖాళీగా ఉన్నా కూర్చోలేదు. గాల్లో ఒకడు తన వెంట నడుస్తున్నాడు మరి. ఇల్లు చేరి తలగుడ్డ విప్పి, పిండి, అరుగుమీద పరిచాడు.

"దిగిపోనాడే," అన్నాడు.

కాసులమ్మ మంచినీళ్లు తెచ్చేసరికి గోడకు జారబడి ఉన్నాడు. పిలిచినా పలకలేదు.

సాయంత్రం శ్రీరామ్మూర్తి వచ్చి, జనాన్ని చూసి గుమ్మంలోనే ఆగిపోయాడు. వీరన్న ఆసుపత్రిలో చేరాడని కౌంటరుకు ఫోను వచ్చింది. మావ ఇల్లు చేరాడా అని అడగమన్నాడట.

కాసులమ్మ ముఖం తుడుచుకుంది. "ఆగకుండానే వొచ్చీసినాడని సెప్పండి బాబూ."

అరుగుమీది తలగుడ్డ ఎండకు బిరుసెక్కింది, దానిమీద చెమట ఉప్పు తెల్లటి చారలు కట్టింది.